హౌస్ సర్జన్లకి కమ్యూనిటీ మెడిసిన్ 12 వారాలు అవసరమా?

హౌస్ సర్జన్, విశాఖ:
ఎంబీబీఎస్ చివర మేం చేసే ఇంటర్న్‌షిప్ ఏడాదిలో, ఊళ్లలో ప్రజారోగ్యం నేర్పే కమ్యూనిటీ మెడిసిన్‌కి 12 వారాలు, అత్యవసర కేసులు చూసే క్యాజువాల్టీకి 2. ఇదేం లెక్క? పీహెచ్‌సీలో మేం చేసేది పొద్దున సంతకం, నాలుగు బీపీలు, రెండు రిజిస్టర్లు. రేపు పాడేరు పైన ఎక్కడో ఒక్కడినే ఉన్నప్పుడు పాము కాటు వస్తే, కాన్పులో ఫిట్స్ వస్తే, ఆ రిజిస్టర్లు అక్కరకొస్తాయా? సగానికి తగ్గించి మిగతావి క్యాజువాల్టీకీ లేబర్ రూమ్‌కీ ఇవ్వాలి.

పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్:
తమ్ముడూ, పాము కాటు ఎప్పుడో వస్తుంది. బీపీ, షుగర్ రోజూ వస్తాయి. ఆ మధ్య ఒక మత్స్యకారుల పేటలో ఇంటికెళ్లా. ఆవిడకి మూడు నెలలుగా బీపీ దిగట్లేదు. బీపీ మాత్ర అమ్లోడిపిన్ 5 నుంచి 10 మిల్లీగ్రాములకి పెంచింది నేనే. ఇంట్లో చూస్తే దేవుడి గూట్లో, పసుపు డబ్బా పక్కన ఒకటే మాత్రల షీటు. "ఒకరోజు ఆయనకి, ఒకరోజు నాకు బాబూ. ఇద్దరిదీ బీపీయే గదా" అంది. ఆయనకి అసలు చీటీయే లేదు. వేటకెళ్తే పడవ మీద కళ్లు తిరుగుతున్నాయట. నేను ఆవిడకి పెంచిన డోసు ఆయన మింగుతున్నాడు! ఇది ఏ వార్డులో తెలుస్తుంది, చెప్పు? ప్రతి వైద్య విద్యార్థికీ ఈ శిక్షణ 3 నెలలు ఉండాలని, దేశంలో వైద్య సేవల్ని పరిశీలించిన భోర్ కమిటీ 1946లోనే ఊరికే అనలేదు.

ఆనందపురం వైపు నుంచి:
మాదీ ఒక కాలేజీ విద్యార్థులు దత్తత తీసుకున్న ఇల్లే. ఎంబీబీఎస్ పిల్లలు ఒక్కొక్కరూ కొన్ని కుటుంబాల్ని చూసుకోవాలని 2022లో జాతీయ వైద్య కమిషన్ పెట్టింది కదా, అదే. పిల్లలు మంచివాళ్లు. అమ్మ మజ్జిగ ఇస్తే అరుగు మీద కూర్చుని తాగారు. నాన్నకి షుగర్ ఎక్కువుందని రాసుకున్నారు, ఫొటో దిగారు, వెళ్లారు. తర్వాత వాళ్లు చెప్పిన ఆసుపత్రికెళ్తే ఆ రాసుకున్నది ఓపీలో ఎవరికీ తెలీదు. మళ్లీ కొత్త చీటీ, మళ్లీ లైను. మధ్యాహ్నం దాకా నాన్న ఏమీ తినకుండా నిలబడ్డారు. దత్తత అంటే మా ఊళ్లో చాలా పెద్ద మాట సార్.

హౌస్ సర్జన్, విశాఖ:
ఆ షీటు సంగతి చదివాక సగానికి తగ్గించమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ సర్, నన్నలా ఇంటి లోపలికి తీసుకెళ్లినవాళ్లు లేరు. బస్సు దిగాం, ఫారాలిచ్చారు, నింపాం.

పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్:
అది నిజం. తప్పు వారాలది కాదు, పక్కన నిలబడి వైద్యం చేసి చూపించే మనిషి లేకపోవడం. ఆ పని ఇంటిల్లిపాది మామూలు జబ్బులన్నీ చూసే ఫ్యామిలీ మెడిసిన్ డాక్టర్‌ది. అందులో డీఎన్‌బీ అనే మూడేళ్ల పీజీ కోర్సు ఉంది, కేరళలోని కాలికట్ ప్రభుత్వ వైద్య కాలేజీలో ఎండీ కూడా పెట్టారు. 1923 నుంచి డాక్టర్లని తయారుచేస్తున్న ఊరు మన విశాఖ, ఇక్కడ ఆమాత్రం చెయ్యలేమా? ఆ 12 వారాల్లో 4 వారాలైనా పొద్దున అలాంటి డాక్టర్ పక్కన ఓపీలో కూర్చోబెట్టి, మధ్యాహ్నం అదే రోగి ఇంటికి ఆయనతోనే పంపాలి. ఆనందపురం వారి నాన్నగారి షుగర్ రాసుకున్న కుర్రాడే ఓపీలో ఆయన్ని చూడాలి.

గురువారం ఆ పేటకే మళ్లీ వెళ్తున్నా. ఇప్పుడు ఇద్దరికీ వేర్వేరు షీట్లున్నాయి, ఇద్దరి బీపీ చూడాలి. వస్తావా?