‘వెళ్ళిపోయుంటుంది’ అంటే మే కాదండి, మస్ట్

‘వెళ్ళిపోయుంటుంది’ అన్న మాటకి ఇంగ్లీషులో మే పెట్టాలా, మస్ట్ పెట్టాలా అని ఒకరు అడిగారండీ. కాస్త పొడుగ్గానే చెప్తాను, ఎందుకంటే మా మేనకోడలి నోట్సులో సరిగ్గా ఇదే తప్పు చూశాను.

మాది కోనసీమలో ముక్తేశ్వరం వైపు, గోదారి అవతల ఉన్న కోటిపల్లి వెళ్ళాలంటే పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కుతాం. సంక్రాంతి ముందు ఒకరోజు పొద్దున్నే అమ్మ, ఆ పిల్ల, నేను రేవులోకి దిగేసరికి మంచులో అవతలి ఒడ్డు కనబడట్లేదు, ఇవతల ఒక్క మోటార్ సైకిల్ కూడా లేదు, బురదలో పడ్డ చక్రాల గాడుల్లోకి ఇంకా నీళ్ళు ఊరుతున్నాయి. ‘పంటు వెళ్ళిపోయుంటుందే’ అంది అమ్మ. వెళ్ళడం ఆవిడ చూడలేదు, అయినా అనుమానం లేదు, కళ్ళముందున్న గుర్తుల్ని బట్టి తేల్చేసింది. అదీ మస్ట్ హావ్ గాన్ అంటే. మా పిల్ల మే హావ్ గాన్ అని రాసుకుంది, ‘ఉంటుంది’ అంటే మే అని ఎక్కడో బట్టీ పట్టిందట. అమ్మ ‘వెళ్ళిపోయుండొచ్చు’ అంటే అప్పుడు మే, మైట్. ‘వెళ్ళిపోయిందేమో’ అంటే ఇంకా పల్చన, అందులో ఆరా కూడా ఉంది, పక్కవాళ్ళు బదులు చెప్పాలి.

అసలు చిక్కు ‘కాదు’ దగ్గర. ‘ఇంకా వెళ్ళి ఉండదు’ అంటే కాంట్ హావ్ గాన్. మస్ట్‌కి నాట్ తగిలిస్తే చాలనుకుంటాం గానీ, ‘యూ మస్ట్ నాట్ గో’ అంటే ‘వెళ్ళకూడదు’ అని అర్థం మారిపోతుంది. అమెరికావాళ్ళు ఊహకి కూడా మస్ట్ నాట్ వాడతారు, అది తప్పు కాదు, కానీ నేర్చుకునేవాళ్ళకి కాంట్ నిక్కచ్చిగా ఉంటుంది. అలాగే ‘రాకపోవచ్చు’కి కుడ్ నాట్ కమ్ అని రాయకండి, అది ‘రాలేకపోయాడు’. మే నాట్, మైట్ నాట్ అనాలి.

ఇక కెన్. మన ‘వచ్చు’ ఒక్కటే అన్నీ మోస్తుంది: ఈత వచ్చు, లోపలికి రావచ్చు, వాన పడొచ్చు. అందుకే పిల్లలు ‘ఇట్ కెన్ రెయిన్ టునైట్’ అనేస్తారు. అది ఎందుకు కుదరదో చూడండి. ధవళేశ్వరం దగ్గర గోదారి నీటిమట్టం 13.75 అడుగులైతే రెండో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. రెండోది రేడియోలో వినగానే లంకలో ఉండే మా పెదనాన్న గొడ్లని ఏటిగట్టు మీదకి తోలుకొచ్చేవారు. 1986 ఆగస్టు వరద చూసిన మనిషి, ‘రాత్రికి ఇంకా పెరగొచ్చు’ అనేవారు. ఇది ఆ ఒక్క రాత్రి మాట, కాబట్టి మే గానీ మైట్ గానీ పెట్టాలి. ‘ఆగస్టులో గోదారి ఒక్క రాత్రిలో గట్టు దాకా పొంగడం కద్దు’ (అంటే అలా జరుగుతుంటుంది) అన్నామనుకోండి, అది కెన్. ఆ పాత ‘కద్దు’ పక్కన పెట్టి చెప్పాకే మా పిల్లకి కెన్ తలకెక్కింది. పాఠాల్లో ఈ మాట ఎందుకు వాడరో అని నాకు నిజంగా బాధ.

‘కాబోలు’ మాత్రం నాకు మస్ట్‌కీ మైట్‌కీ మధ్యన ఎక్కడో ఉన్నట్టనిపిస్తుంది. ‘పంటు వెళ్ళిపోయింది కాబోలు’ని మీరైతే ఎలా రాస్తారండీ?