జెరికో బ్రౌన్ డూప్లెక్స్ తెలుగులో: పాదానికి ఏ కొలత పెట్టాలి?

అమెరికన్ కవి జెరికో బ్రౌన్ కవితా సంపుటి ‘ద ట్రెడిషన్’ (2019)లోని డూప్లెక్స్ అనే కవితారూపంలో తెలుగులో సొంత కవిత రాస్తున్నాను. పాదం కొలత దగ్గర ఆగిపోయింది.

రూపం ఇది: 14 పాదాలు, ఏడు జంటలు, పాదానికి 9 నుంచి 11 సిలబుల్స్ (దాదాపు మన అక్షరాలు). జంటలో రెండో పాదం కాస్త మారి తర్వాతి జంటకు మొదటిదవుతుంది. మొట్టమొదటి పాదం చివర్లో తిరిగొస్తుంది. గజల్, సానెట్ (14 పాదాల పాశ్చాత్య కవిత), బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల బాధల పాట) కలిసిన రూపం. నల్లజాతి గే పురుషుడి దేహం, తండ్రి చేతి దెబ్బలు, ప్రేమ బ్రౌన్ కవితల్లో ఒకదాన్నొకటి తాకేది ఈ పునరుక్తిలోనే. అందుకే దాన్ని వదులుకోలేను.

9 అక్షరాలకు కుదిస్తే ‘నాన్న దెబ్బ వీపు మీదుంది’ అని నాలుగు మాటలకే పాదం నిండింది, మార్చడానికి చోటే లేదు. 14కి పెంచితే ‘నాన్న చేతి దెబ్బ ఇంకా వీపు మీదే ఉంది’ వచ్చింది. అది తర్వాతి జంటలో ‘వీపు మీద ఇంకా నాన్న చేయి ఉంది’ అయింది. దెబ్బ పోయి చేయి మిగలడం, నాకు కావాల్సింది సరిగ్గా అదే. కానీ ఈ పొడవులో మిగతా పాదాలు వచనంలా జారిపోతున్నాయి. 20 మాత్రలకు (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) కడితే నాలుగేసిగా విరిగి లాలిపాటలా ఊగుతోంది, బ్లూస్ బరువు పోయింది.

ఇంకో చిక్కు: ‘చూసి’, ‘వచ్చి’ లాంటి అసమాపక క్రియతో ముగిసిన పాదం తర్వాతి జంటకు మొదలుగా నిలబడదు. అన్నీ సమాపకాలైతే వరసగా ‘ఉంది, పోయింది, అంది’.

తెలుగులో గజల్ గానీ డూప్లెక్స్ గానీ రాసినవాళ్లు చెప్పండి: పాదం విడిగా నిలబడుతూనే మార్పుకు చోటిచ్చేలా, అక్షరాల్లో గానీ మాత్రల్లో గానీ మీకు పనిచేసిన కొలత ఏది?