గ్రెనడా నుంచి మార్టినిక్ దాకా ఇద్దరమే, 38 అడుగుల పడవ: లంగరు, కరెంటు, ఎదురుగాలి సందేహాలు

జంటతెరచాప అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. పడవ 38 అడుగుల మోనోహల్ (ఒకే పొట్టు ఉన్న తెరచాప పడవ), బరువు 8 టన్నులు, డ్రాఫ్ట్ (నీటి కింద మునిగే లోతు) 1.8 మీటర్లు. ప్రస్తుతం కరీబియన్ దీవుల్లోని గ్రెనడాలో యార్డులో ఒడ్డున ఉంది. జనవరిలో నీళ్లలోకి దించి, కరియకూ, యూనియన్, టొబాగో కేస్, బెక్వియా, సెయింట్ లూసియా మీదుగా ఏప్రిల్‌కి మార్టినిక్ చేరాలి. జూన్ మొదటికల్లా మళ్లీ గ్రెనడాకి రావాలి. పడవలో ఉండేది మేమిద్దరమే.

పడవతో వచ్చిన సామాను ఇది: 16 కిలోల పాత సీక్యూఆర్ (నాగలి ఆకారపు) లంగరు, 8 ఎంఎం చైన్ 30 మీటర్లు, దాని వెనక తాడు. 220 ఆంప్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు, 200 వాట్ల సోలార్. ఫ్రిజ్ ఉంది. గంటకి 30 లీటర్ల వాటర్‌మేకర్ (ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే యంత్రం), స్టార్‌లింక్ మినీ (ఉపగ్రహ ఇంటర్నెట్) పెట్టాలనుకుంటున్నాం.

1) ఈ లంగరు సరిపోతుందా? 2) కరెంటు చాలుతుందా? 3) ఉత్తరంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలి బాధ ఎంత? మా ఆవిడకి కెరటాల్లో కడుపు తిప్పుతుంది. 4) ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులు, అమెరికా గ్రీన్‌కార్డులు ఉన్నాయి, వీసాల సంగతేంటి? లెక్కలతో చెబితే మేలు.

---

సరంగు_లంగరు:

మొదటిదానికి జవాబు: చాలదు. సీక్యూఆర్ చెడ్డ లంగరని కాదు. గ్రెనడీన్స్‌లో (గ్రెనడాకీ సెయింట్ విన్సెంట్‌కీ మధ్య ఉన్న చిన్న దీవులు) చాలాచోట్ల అడుగున దట్టమైన సముద్రపు గడ్డి ఉంటుంది. దాని మీద ఆ నాగలి లంగరు దున్నుకుంటూ జారిపోతుంది. రోక్నా, స్పేడ్, మాంటస్ లాంటి కొత్త రకాల్లో 20 కిలోలది తీసుకోండి. అప్పుడైనా గడ్డి మీద వేయొద్దు, మధ్యలో తెల్లగా కనబడే ఇసుక మచ్చ చూసి అందులో వదలండి. పగడాల మీద అసలే వద్దు.

చైన్ 30 మీటర్లు ఎందుకు చాలదో చూడండి. లోతు 5 మీటర్లు, నీటి నుంచి బౌ రోలర్ (పడవ ముక్కు మీద చైన్ జారే కప్పీ) ఎత్తు 1.2, మొత్తం 6.2. దానికి 5 రెట్లంటే 31 మీటర్లు, అంటే మామూలు గాలికే మీ చైన్ అయిపోయింది. గాలి 25 నాట్లు (ఒక నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, 1.85 కిలోమీటర్లు) దాటితే 7 రెట్లు, అంటే 43 మీటర్లు వదలాలి. డిసెంబర్, జనవరి నెలల్లో అక్కడ క్రిస్మస్ విండ్స్ అంటారు, రోజుల తరబడి 25-30 నాట్లు వీస్తాయి. 60 మీటర్లు పెట్టుకోండి, 10 ఎంఎం అయితే నిశ్చింత.

వేసే పద్ధతి: పడవ పూర్తిగా ఆగాక లంగరు అడుగు తాకేదాకా దించండి. పడవ గాలికి వెనక్కి కొట్టుకుపోతుంటే దాంతోపాటు చైన్ వదలాలి. కుప్పగా పోస్తే అదే లంగరుకి చుట్టుకుంటుంది. మొత్తం వదిలాక 12 ఎంఎం మూడు పేటల నైలాన్ తాడు, 8-10 మీటర్లది, స్నబ్బర్‌గా (చైన్ కుదుపుని మింగే సాగే తాడుగా) కట్టండి. ముందు న్యూట్రల్‌లో కాసేపు ఆగి, తర్వాత నెమ్మదిగా రివర్స్ వేసి, చివర 1800-2000 ఆర్‌పీఎం మీద అర నిమిషం పట్టండి. ఒడ్డున ముందూ వెనకా ఉన్న రెండు గుర్తులు, ఒక చెట్టూ ఒక ఇల్లూ అనుకోండి, ఒకదానితో ఒకటి కదలకపోతే పట్టినట్టు. ఆ తర్వాత స్నార్కెల్ పెట్టుకుని దిగి చూడాల్సిందే. నీళ్లు అద్దంలా ఉంటాయి కాబట్టి బద్ధకానికి సాకు లేదు.

మూరింగ్ బుడగకి (అడుగున దిమ్మకి బిగించి తేలేసిన బుడగ) కట్టినా దిగి చూడండి. డబ్బు తీసుకుని చూపించినంత మాత్రాన కింద ఉన్న కాంక్రీటు దిమ్మ, షాకిల్ (కలిపే ఇనుప కొండీ) బాగున్నాయని అర్థం కాదు. సెయింట్ లూసియాలో పిటన్ కొండల కింద లంగరు వేయనివ్వరు, మూరింగే దిక్కు.

రాత్రిళ్లు డింగీని (ఒడ్డుకి వెళ్లే చిన్న పడవ) మోటారుతో సహా హాలియార్డుతో (తెరచాప ఎత్తే తాడు) పైకి లేపి తాళం వేయండి. నీళ్లలో వదిలేసిన డింగీ తెల్లారేసరికి ఉండకపోవచ్చు.

---

ఆంప్_అవర్:

రోజు ఖర్చు 12 వోల్టుల లెక్కన: ఫ్రిజ్ కంప్రెసర్ నడిచేటప్పుడు 5 ఆంపులు లాగుతుంది. అక్కడి వెచ్చని నీళ్లలో రోజులో సగం సేపు నడుస్తుంది కాబట్టి 60 ఆంప్ అవర్లు. స్టార్‌లింక్ మినీ సగటు 30 వాట్లు, 16 గంటలకి 40. వాటర్‌మేకర్ ఎనర్జీ రికవరీ రకమైతే (పీడనాన్ని తిరిగి వాడుకునేది) గంటకి 9, రోజుకి ఒక గంట. లైట్లు, రెండు ఫ్యాన్లు, ఫోన్లు, పంపు కలిపి 25. మొత్తం 134. ప్రయాణం ఉన్న రోజు ఆటోపైలట్ 4 ఆంపులు, 8 గంటలు, ఇంకో 32 కలపండి.

రాబడి: 200 వాట్లు × 5 గంటల ఎండ × 0.7. ఈ 0.7 బూమ్ (తెరచాప అడుగు కర్ర) నీడకి, వేడికి, ఉప్పు పొరకి పోయే నష్టం. 700 వాట్ అవర్లు, అంటే 58 ఆంప్ అవర్లు. ఖర్చు 134, రాబడి 58. వాడుకోదగ్గ బ్యాటరీ 110 మాత్రమే, ఎందుకంటే లెడ్ యాసిడ్‌ని సగం కంటే కిందికి దించితే ఆయుష్షు తగ్గుతుంది. రెండో రాత్రి గడవకముందే ఆ 110 అయిపోతుంది.

600 వాట్లు పెడితే అదే లెక్కన 2100 వాట్ అవర్లు, 175 ఆంప్ అవర్లు. ప్రయాణం రోజు కూడా బొటాబొటిగా సరిపోతుంది. ప్రతి ప్యానెల్‌కీ విడి ఎంపీపీటీ (సోలార్ ఛార్జ్ కంట్రోలర్) పెట్టండి. అన్నిటినీ సిరీస్‌లో కలిపితే మాస్టు నీడ ఒక్క ప్యానెల్ మీద పడ్డా మొత్తం వరస దెబ్బతింటుంది.

లిథియం 200 ఆంప్ అవర్లకి మారతారనుకోండి, ఆల్టర్నేటర్‌ని (ఇంజన్ మీది కరెంటు జనరేటర్) నేరుగా కలపొద్దు. లిథియం ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, ఆల్టర్నేటర్ పూర్తి లోడ్ మీద గంటల తరబడి నడిచి వేడెక్కి కాలిపోతుంది. పైగా బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) హఠాత్తుగా తెంచేస్తే వోల్టేజి ఎగిరి డయోడ్లు పోతాయి. ఆల్టర్నేటర్‌ని స్టార్టర్ బ్యాటరీకే ఉంచి, అక్కడి నుంచి 30 ఆంపుల డీసీ-డీసీ ఛార్జర్ ద్వారా లిథియంకి ఇవ్వండి. లిథియం పాజిటివ్ మొదట్లోనే క్లాస్ టి ఫ్యూజ్ (భారీ షార్ట్ సర్క్యూట్‌ని కూడా తెంచగల రకం) ఉండాలి, తీగ టిన్ పూత ఉన్నదే వాడాలి.

వాటర్‌మేకర్ గురించి రెండు మాటలు. యార్డుల దగ్గర, సెయింట్ జార్జెస్ లాగూన్‌లో నడపొద్దు, డీజిల్ పొర తగిలితే మెంబ్రేన్ (ఉప్పుని వడకట్టే పొర) పాడవుతుంది. వారం వాడకపోతే మంచినీళ్లతో కడగాలి, ఆ నీళ్లు కార్బన్ ఫిల్టర్ గుండా పోవాలి. రేవులో పట్టిన నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అదీ మెంబ్రేన్‌కి విషమే.

---

ఉప్పుగాలి:

మూడో ప్రశ్న దగ్గరే చాలామంది మ్యాపు చూసి మోసపోతారు. ట్రేడ్ విండ్ (అక్కడ ఎప్పుడూ వీచే గాలి) తూర్పు నుంచి, ఈశాన్యం నుంచి వస్తుంది. గ్రెనడా ఉత్తరపు కొన నుంచి కరియకూలోని టైరెల్ బే దిశ, ఉత్తరాన్ని సున్నాగా తీసుకుంటే, దాదాపు 37 డిగ్రీలు. గాలి సరిగ్గా తూర్పు, 90 డిగ్రీలు అయితే తేడా 53, పడవ పట్టగలదు. గాలి 60కి తిరిగితే తేడా 23, ఏ తెరచాపా ఆ దిశలో వెళ్లదు. దానికితోడు ప్రవాహం పడమటికి ఒక నాట్, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ తోస్తుంది.

కాబట్టి తెల్లారకముందే బయలుదేరి, గ్రెనడా పడమటి ఒడ్డుని ఆనుకుని నీడలో ఉత్తరపు కొనదాకా ఇంజన్ మీద వెళ్లిపోండి. కొన దాటకముందే తెరచాపకి రెండో రీఫ్ కట్టండి, అంటే తెరచాపని రెండో మడత దాకా చిన్నది చేయండి. ద్వీపం చివర గాలి మెలి తిరిగి అకస్మాత్తుగా 5-10 నాట్లు పెరుగుతుంది, అప్పుడు ఇద్దరూ డెక్ మీద కుస్తీ పట్టాల్సి వస్తుంది. అక్కడి నుంచి వీలైనంత తూర్పుకే పట్టుకోండి. దారిలో కిక్ ఎమ్ జెన్నీ ఉంది, గ్రెనడాకి 8 కిలోమీటర్ల ఉత్తరాన సముద్రం అడుగున ఉన్న అగ్నిపర్వతం. మామూలు రోజుల్లో 1.5 కిలోమీటర్లు, హెచ్చరిక ఆరెంజ్‌కి పెరిగితే 5 కిలోమీటర్లు దూరం పాటించాలి. 2017లో కూడా పేలింది. బయలుదేరే రోజు హెచ్చరిక స్థాయి చూసుకోండి.

సెయింట్ జార్జెస్ నుంచి టైరెల్ బే సుమారు 30 నాటికల్ మైళ్లు. అక్కడి నుంచి యూనియన్, టొబాగో కేస్ పొట్టి దూరాలు. కేస్‌లోకి మాత్రం సూర్యుడు నెత్తిన ఉన్నప్పుడు, పది నుంచి రెండు మధ్య వెళ్లండి. సాయంత్రం పడమటెండ నీళ్ల మీద మెరుస్తుంటే పగడపు దిబ్బ కనబడదు. బెక్వియా దాటాక ఒక్క రోజులో సెయింట్ లూసియా అనుకోవద్దు. సెయింట్ విన్సెంట్ పడమటి ఒడ్డున వల్లిలబూలో ఆగి, ముందు లంగరు, వెనక ఒడ్డుకి తాడు కట్టి రాత్రి గడపండి. అక్కడ ఒడ్డు పక్కనే లోతు. మర్నాడు పిటన్స్ దాకా 35 మైళ్లు. సెయింట్ విన్సెంట్ ఉత్తరపు కొన దగ్గరే అసలు పరీక్ష. సెయింట్ లూసియాలోని రాడ్నీ బే నుంచి మార్టినిక్‌లోని సెయింట్ ఆన్ దాకా రెండు ద్వీపాల మధ్య చివరి సముద్రపు దారి, దిశ దాదాపు ఉత్తరం కాబట్టి సుఖంగా ఉంటుంది.

ఆగాల్సింది గాలి వేగం తగ్గడానికే కాదు, దిశ మారడానికి. చలికాలంలో ఉత్తరాన చలిగాలి ఫ్రంట్ పోయేటప్పుడు ఇక్కడ గాలి ఆగ్నేయానికి తిరుగుతుంది. 100-120 డిగ్రీలు, 18 నాట్లలోపు ఉంటే బయలుదేరండి. ఆ ఫ్రంట్ వెనకే ఉత్తరపు కెరటం వచ్చి పడమటి ఒడ్డు రేవుల్ని ఊపేస్తుంది, అదీ గుర్తుంచుకోండి.

కడుపు తిప్పడానికి సిన్నరిజిన్ చాలామందికి పనిచేస్తుంది. మన దగ్గర స్టుజెరాన్‌గా దొరుకుతుంది, అమెరికా మందుల షాపుల్లో ఉండదు, అక్కడ మెక్లిజిన్ తీసుకోవాలి. డాక్టర్ని అడిగి ముందు రాత్రే మొదలుపెట్టాలి. వాంతి మొదలయ్యాక మింగితే లోపల నిలవదు. ఆవిడకి చుక్కాని ఇవ్వండి, కింద వంట మీరు చూసుకోండి.

కాగితాలు: గ్రెనడా నుంచి బయటికి టైరెల్ బేలో, సెయింట్ విన్సెంట్ దేశంలోకి యూనియన్‌లోని క్లిఫ్టన్‌లో లేదా బెక్వియాలో. శని, ఆదివారాల్లో ఓవర్‌టైమ్ కట్టించుకుంటారు. 2024 జులై 1న బెరిల్ తుఫాను కరియకూ, యూనియన్‌లని బాగా దెబ్బతీసింది, కాబట్టి పాత గైడు పుస్తకంలో ఉన్న జెట్టీ, డీజిల్ బంకు ఇప్పుడూ ఉన్నాయని నమ్మొద్దు. గ్రెనడా, సెయింట్ విన్సెంట్ ఇండియన్ పాస్‌పోర్టుకి వీసా అడగవు. చిక్కు మార్టినిక్‌తోనే. అది ఫ్రాన్సే గానీ షెంగెన్ (యూరప్ ఉమ్మడి వీసా) పరిధిలోకి రాదు, వీసా మీద ఆ ప్రాంతానికి చెల్లుతుందని ఉండాలి. గ్రీన్‌కార్డు చూసుకుని ధీమా పడకుండా అమెరికాలో ఉండగానే ఫ్రెంచ్ కాన్సులేట్‌తో తేల్చుకోండి.

---

చేమాకు_పప్పు:

అడగకపోయినా గ్యాస్ సంగతి చెప్తాను. అమెరికా ప్రొపేన్ సిలిండర్ గ్రెనడాలో నింపుతారు, ఫ్రెంచ్ ద్వీపాల్లో కష్టం. అక్కడ నడిచేది క్యాంపింగాజ్ బ్యూటేన్ సిలిండర్ల మార్పిడి. మీ సిలిండర్లన్నీ గ్రెనడాలోనే నింపుకుని ఉత్తరానికి కదలండి. ప్రెషర్ కుక్కర్ గ్యాస్ ఆదా కోసమే కాదు, మూత బిగిసి ఉంటుంది కాబట్టి పడవ ఊగినా పప్పు నేలపాలు కాదు.

కందులు అక్కడా పండుతాయి, సీజన్లో సంతలో పచ్చి కందికాయలు దొరుకుతాయి, పేరు పిజియన్ పీస్. కల్లలూ అని అమ్మేది మన చేమాకే. సగం ఉడికిస్తే గొంతు దురద, చింతపండు వేసి బాగా ఉడికించండి. సీమపనస, అరటికాయ ఎక్కడైనా ఉంటాయి. అట్టపెట్టెలు మాత్రం పడవలోకి రానివ్వొద్దు, బొద్దింక గుడ్లు వాటి మడతల్లోనే వస్తాయి.

---

జంటతెరచాప:

అందరికీ ధన్యవాదాలు. సరంగు గారూ, 10 ఎంఎం చైన్ 60 మీటర్లంటే పడవ ముందుభాగంలో బరువు ఎక్కువ కాదా? విండ్లాస్ (చైన్ ఎత్తే యంత్రం) ఇప్పుడు 8 ఎంఎంది.

---

ఆంప్_అవర్:

మధ్యలో దూరుతున్నాను, నా ఓటు 8 ఎంఎంకే. 10 ఎంఎం మీటరుకి 2.3 కిలోలు, 60 మీటర్లకి 138 కిలోలు. 8 ఎంఎం మీటరుకి 1.4, మొత్తం 84. ఆ 54 కిలోలు ముక్కు మీద ఉంటే ఎదురు కెరటంలో పడవ ముక్కు ముంచుకుంటూ పోతుంది. గ్రేడ్ 40 (మామూలు దానికంటే బలమైన ఉక్కు) చైన్ తీసుకుంటే 8 టన్నుల పడవకి బలం చాలు.

---

సరంగు_లంగరు:

విండ్లాస్ 8కే ఉందంటే నేనూ ఒప్పుకుంటాను, గ్రేడ్ 40ది 60 మీటర్లు వేయండి. 8 ఎంఎంలో డిన్, ఐఎస్ఓ అనే రెండు కొలతల ప్రమాణాలకీ లింకు పిచ్ (లింకు లోపలి పొడవు) 24 ఎంఎంయే కాబట్టి జిప్సీ (చైన్‌ని పట్టే విండ్లాస్ చక్రం) గొడవ లేదు. 10కి మారితే డిన్‌కి 28, ఐఎస్ఓకి 30. తప్పుది కొంటే జిప్సీ మీద చైన్ ఎగిరి ఒక్కసారిగా పారిపోతుంది. లంగరు షాకిల్ పిన్‌ని మోనెల్ తీగతో (సముద్రపు నీటిలో తుప్పు పట్టని లోహం) కట్టండి. చైన్ రెండో కొసని లాకర్‌లో ఇనుప షాకిల్‌తో కాకుండా, డెక్ పైకి వచ్చేంత పొడవు తాడుతో కట్టుకోండి. రాత్రి పక్క పడవ మీ మీదికి జారి వస్తే ఆ తాడు కోసేసి బయటపడొచ్చు.