పొలం కాపలాకి ఏది కొనాలి: నైట్ విజనా, థర్మలా?

మంచె మీద మనిషి:
మాది పలమనేరు దగ్గర కౌండిన్య అడవి అంచున ఉన్న పల్లె. టమాటా, చెనక్కాయ, ఒక చెక్క చెరుకు. పందులు రాని రాత్రి లేదు, ఏనుగులు కూడా అప్పుడప్పుడూ దిగుతాయి. ఇన్నాళ్లూ మంచె, టార్చి, రేకు డబ్బాతోనే గడిపాం. ఇప్పుడు నలుగురు రైతులం డబ్బులు కలిపి ఒక పరికరం కొందామనుకుంటున్నాం. వేట కోసం కాదు, ముందే చెబుతున్నా. దూరంగా ఉండగానే కనిపెట్టి డప్పు కొట్టడానికి, ఏనుగైతే అటవీ శాఖ వాళ్లకి ఫోన్ చేయడానికి. నేనైతే నైట్ విజన్ చాలంటాను, అందులో పంది పందిలాగే కనపడుతుంది. థర్మల్‌లో తెల్లటి ముద్దలు తప్ప ఏముంది? మా బావమరిది మాత్రం థర్మల్ అయితేనే డబ్బులిస్తానని కూర్చున్నాడు. మీరేమంటారు?

నల్లమల నడక:
అన్నా, నేను మీ బావమరిది పక్షం. నైట్ విజన్ ఏ రకమైనా దానికి వెలుతురు కావాలి, చుక్కల వెలుతురో, దాని మీదే ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైటో. థర్మల్‌కి ఏ లైటూ అక్కర్లేదు, ఒంట్లోంచి వచ్చే వేడినే చూస్తుంది. పోయిన ఏడాది కంది చేను గట్టు మీద రెండూ పెట్టుకుని కూర్చున్నాం. నైట్ విజన్ లైటు వేయగానే ముందున్న కంది ఆకులన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా మెరిశాయి, వాటి వెనక అంతా చీకటి. థర్మల్‌లో అదే చోట కొమ్మల సందుల్లో చిన్న చిన్న తెల్లటి ముక్కలు కదిలాయి, రెండు నిమిషాలు చూస్తే అవన్నీ కలిసి తల్లి పంది, దాని వెనక పిల్లలు. కోయంబత్తూరు దగ్గర మదుక్కరైలో ఏనుగులు రైలు పట్టాల మీదికి వస్తుంటే 2024లో తమిళనాడు అటవీ శాఖ 12 టవర్లు కట్టి థర్మల్ కెమెరాలు పెట్టింది. రాత్రి అడవిలో ఏనుగుని ముందుగా పట్టుకోవాలంటే వేడిని చూడాల్సిందే.

మదనపల్లె మిత్రుడు:
పందుల సంగతే మాట్లాడుతున్నారు, దొంగల మాటేంటి? 2023 జులైలో టమాటా ధర ఆకాశానికి లేచినప్పుడు మా తోటలో రాత్రి కాపలా పందుల కోసం కాదు. థర్మల్‌లో మనిషి కనపడతాడు కానీ ముఖం కనపడదు, బండి నంబరు అసలే కనపడదు, ఎందుకంటే ప్లేటు మీద అక్షరానికీ దాని వెనక రంగుకీ వేడిలో తేడా ఉండదు. ఎవరో తెలియాలంటే నైట్ విజనే.

బందరు బాబాయి:
మా నాన్నగారు ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీలో పనిచేశారు. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిశాక నేనూ ఆ గేటు లోపలే ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. బందరులో సైన్యానికి నైట్ విజన్ పరికరాలు తయారవుతాయని మనవాళ్లకే చాలామందికి తెలియదు. అందుకే ముందు ఒక మాట సరిచేయాలి. మీరు ఆన్‌లైన్‌లో చూస్తున్న నైట్ విజన్, సైనికులు హెల్మెట్‌కి పెట్టుకునే నైట్ విజన్, రెండూ ఒకటి కావు.

అసలుదానిలో ఒక ట్యూబు ఉంటుంది. లెన్సు నుంచి వచ్చిన కాస్త వెలుతురు ఫోటోక్యాథోడ్ అనే పొర మీద పడి ఎలక్ట్రాన్లను రేపుతుంది. అవి లక్షల సన్న రంధ్రాలున్న బిళ్లలోంచి దూరి ఒకటి వేలుగా పెరిగి, వెనక ఫాస్ఫర్ తెరని గుద్దితే ఆ తెర వెలుగుతుంది. బొమ్మ ఆకుపచ్చగా ఉండేది ఆ ఫాస్ఫర్ వల్లే, ఇప్పుడు తెల్లవీ వస్తున్నాయి. చీకట్లో నడవడానికి, చేతిలో పని చూసుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ అమావాస్య నాడు మబ్బు పట్టి చెట్ల కింద ఉంటే పెంచడానికి వెలుతురే ఉండదు. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి దొరికే వాటిలో ఎక్కువ భాగం మామూలు కెమెరా సెన్సరు, పక్కన ఇన్‌ఫ్రారెడ్ లైటు, అంతే. లైటు తరంగం పొడవు 850 నానోమీటర్లైతే ఎదుటివాడికి సన్నగా ఎర్ర చుక్క కనపడుతుంది. మదనపల్లె మిత్రుడూ, నీ దొంగ ఆ చుక్క చూసే పారిపోతాడు. 940ది అయితే కనపడదు కానీ దూరం తగ్గుతుంది.

ధర్మవరం రైతు:
నేను థర్మల్ వాడుతున్నా, అయినా థర్మల్ గురించి భయపెట్టే మాటే చెబుతా. పోయిన చలికాలం రాత్రి రెండింటికి చెరుకు అంచున తెల్లటి ముద్ద, వంగి మెల్లగా కదులుతోంది. పందే అని టపాకాయ వెలిగించి విసిరా. అది పంది కాదు, మా పెదనాన్న కొడుకు. కరెంటు వచ్చిందని మోటారు వేయడానికి వచ్చి పైపు దగ్గర వంగి ఉన్నాడు. రెండు బారల దూరంలో పేలింది, మూడు రోజులు చెవి గుయ్యిమంటూనే ఉందన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఇప్పటికీ ఆ తెల్లటి ముద్ద కళ్ల ముందు ఆడుతుంది. ఉన్నదని చెప్పడం వేరు, ఏముందో చెప్పడం వేరు. థర్మల్ మొదటిది బాగా చెబుతుంది, దాన్ని చూసి రెండోది కూడా తెలిసిపోయిందనుకుంటాం, ప్రాణాలు పోయేది అక్కడే.

నల్లమల నడక:
అన్నా, చదువుతుంటేనే గుండె ఆగింది. కానీ అది చవక సెన్సరు తప్పు కాదా? సెన్సరులో అడ్డంగా 640 పిక్సెళ్లు ఉన్నది అయితే మనిషి చేతులూ కాళ్లూ తెలిసిపోతాయి.

బందరు బాబాయి:
సెన్సరు ఒక్కటే కాదు తమ్ముడూ, లెన్సు కూడా. లెక్క వేసి చూడు. 12 మైక్రాన్ల పిక్సెల్, 19 మిల్లీమీటర్ల లెన్సు ఉంటే 300 మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్‌లో 19 సెంటీమీటర్ల జాగా పడుతుంది. మనిషి భుజాల వెడల్పు రెండు మూడు పిక్సెళ్లు, అంతే! 1950ల్లో అమెరికా సైన్యానికి పనిచేసిన జాన్సన్ అనే శాస్త్రవేత్త పెట్టిన లెక్క ఇప్పటికీ నడుస్తోంది. ఏదో ఉందని తెలియడానికి రెండు పిక్సెళ్లు చాలు, అది మనిషా జంతువా అని తేల్చడానికి ఎనిమిది కావాలి. డబ్బా మీద వేసే 900 మీటర్లు, 1000 మీటర్లు అన్నీ ఆ రెండు పిక్సెళ్ల దూరమే, అక్కడే జనం మోసపోతున్నారు. 640 తీసుకుని అదే లెన్సు పెడితే చూసే వెడల్పు పెరుగుతుంది కానీ పంది పెద్దదవదు. 35 మిల్లీమీటర్ల లెన్సు పెడితే పిక్సెల్ 10 సెంటీమీటర్లకి వస్తుంది, బదులుగా చూసే వెడల్పు దాదాపు సగానికి పడిపోతుంది.

ఇంకొకటి, రాయలసీమ ఎండకి పగలంతా కాగిన బండలు రాత్రి ఎనిమిదైనా చల్లారవు, థర్మల్‌లో అవీ తెల్లగానే ఉంటాయి. వాన పడి అన్నీ తడిసి ఒకే వేడికి వస్తే బొమ్మ పాలిపోతుంది. జీపు అద్దంలోంచి చూద్దామంటే కుదరదు, గాజు వేడి కిరణాలని ఆపేస్తుంది. అందుకే దాని లెన్సు జెర్మేనియంతో చేస్తారు, ధర ఎక్కువ కావడానికి అదీ ఒక కారణం. పాము రెండిటిలోనూ నమ్మకంగా కనపడదు, దానికి టార్చీ, బూట్లే.

కంచె కావాలి:
అంత డబ్బు పెట్టే బదులు నలుగురూ కలిసి సోలార్ కంచె వేసుకోండి. ఇంటి కరెంటు నేరుగా తీగకి ఇచ్చేది కాదు, అది మనుషుల్ని చంపుతోంది.

మంచె మీద మనిషి:
కంచె ఉందండీ, ఏనుగు ఎండు కొమ్మ తెచ్చి దాని మీద పడేసి వస్తుంది. అందుకే ఈ పరికరం గొడవ.

బాబాయి లెక్క చదివాక పొద్దున టేపు పట్టుకుని మంచె నుంచి అడవి అంచు దాకా కొలిచా, 220 మీటర్లు. అంటే 19 లెన్సుతో పిక్సెల్ 14 సెంటీమీటర్లు. నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నా, కనిపెట్టడానికి థర్మలే. చెరుకులో నైట్ విజన్ లైటు లోపలికి పోదని నేనూ ఒప్పుకుంటా. కానీ ధర్మవరం అన్న చెప్పింది మా నలుగురికీ చదివి వినిపించా. తెల్లటి ముద్ద కనపడితే ముందు పేరు పెట్టి కేక వేయాలి, పలకకపోతే టార్చి వేయాలి, టపాకాయ ఆ తర్వాతే. మోటారు దగ్గరికి వెళ్లేవాడు ఫోన్ చేసి వెళ్లాలి.

అద్దెకి ఒకటి దొరికింది, 384 సెన్సరు, 19 లెన్సు. ఆదివారం రాత్రి మా బావమరిది దాన్ని పట్టుకుని మంచె మీద, నేను చెరుకు అంచున వంగి, పక్కన మా ఎద్దుని కట్టేసి. ఎవరు ఎవరో చెప్పగలిగితే కొంటాం. ఫోటోలు ఇక్కడే పెడతా, పిక్సెళ్లు బాబాయే లెక్కపెట్టాలి.