హైడ్రోస్టాటిక్ చిన్న ట్రాక్టర్: మలుపులో ఒకవైపు బ్రేకు తొక్కొచ్చా, లాక్ వేసే ఉంచాలా?

తోటబండి: 25 హెచ్‌పీ హైడ్రోస్టాటిక్ (గేర్లు మార్చే పని లేకుండా పెడల్‌తో, ఆయిల్ ఒత్తిడి మీద నడిచేది), 4డబ్ల్యూడీ (నాలుగు చక్రాలూ ఇంజిన్‌తో తిరిగేది). టెక్సాస్‌లో పండ్లతోట, నేల గట్టి. చెట్ల వరస చివర బండి ఒక్కసారికి తిరగట్లేదు. ఎడమ, కుడి బ్రేకు పెడళ్లని కలిపి ఉంచే లాక్ తీసి, లోపలి చక్రం బ్రేకు తొక్కి తిప్పొచ్చా? డీలరు వద్దన్నాడు గానీ ఎందుకో చెప్పలేదు.

గోదారిగట్టు: రెండు పెడళ్లు ఇచ్చిందే అందుకు కదండీ. కోనసీమలో దమ్ము చేసేటప్పుడు ఒకవైపు బ్రేకు లేకుండా మడి మూల తిరగదు. ముందు రోటవేటర్ లేపాలి, స్టీరింగ్ పూర్తిగా తిప్పాలి, ఆ తర్వాతే లోపలి బ్రేకు. స్టీరింగ్ తిప్పకముందే తొక్కితే ముందు చక్రాలు అడ్డంగా ఈడ్చుకుపోతాయి.

ఆయిల్‌ఫిల్టర్: మీది గేరు బండి, బురద నేల. ఆయనది హైడ్రో, గట్టి నేల. లోపలి చక్రం ఆగిపోతే డిఫరెన్షియల్ (రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) వల్ల బయటి చక్రం రెట్టింపు వేగంతో తిరుగుతుంది. 4డబ్ల్యూడీ వేసి ఉంటే ముందు ఇరుసు వేగం వెనక ఇరుసుతో ముడిపడి ఉంటుంది, కానీ మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. బురదలో జారి సర్దుకుంటాయి. గట్టి నేల మీద జారలేక ఆ బిగువంతా షాఫ్టు మీదా బెవెల్ గేర్ల మీదా పడుతుంది. పైగా చాలా చిన్న బండ్లలో బ్రేకు ప్లేట్లు ట్రాన్స్‌మిషన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. వాటి అరుగుడంతా హైడ్రో వాడుకునే ఆయిల్లోనే కలుస్తుంది.

రేగడి: 4డబ్ల్యూడీ తీసి, లో రేంజ్‌లో తిప్పుకోమనండి. డిఫ్ లాక్ (రెండు వెనక చక్రాల్నీ ఒకే వేగానికి కట్టేసేది) వేసి ఉంటే అదీ తీయాలి, లేకపోతే ఒకవైపు తొక్కినా రెండు చక్రాలూ పట్టేస్తాయి.

గోదారిగట్టు: అరుగుడు అరుగుడని భయపెడితే ఎలా? దానికేగా ఫిల్టర్ ఉంది. ఒక చక్రం కూరుకుపోయి ఊరికే తిరుగుతుంటే, దాని బ్రేకు కొంచెం నొక్కితే రెండో చక్రానికి పట్టు దొరుకుతుంది. అదీ మానేయమంటారా?

ఆయిల్‌ఫిల్టర్: కొంచెం నొక్కడం వేరు, ప్రతి వరస చివరా తొక్కి పట్టడం వేరు. ఫిల్టర్ పూడుకుపోతే పంపుకి ఆయిల్ చాలదు, కూత మొదలవుతుంది. బండి కదలనంతగా బ్రేకు పట్టి హైడ్రో పెడల్ నొక్కుతూనే ఉంటే, ఒత్తిడి మితిమీరినప్పుడు ఆయిల్ని వదిలే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఆయిల్ కాగిపోతుంది.

తోటబండి: నా బండిలో హైడ్రో పెడల్, బ్రేకులు అన్నీ కుడి కాలి వైపే.

రేగడి: అలాగైతే ఒక్క కాలితో రెండు పనులూ కావు. కొందరు క్రూజ్ వేసి బ్రేకు తొక్కుతారు. చెట్ల మధ్య ఆ పని అస్సలు వద్దు. పెడల్ మీంచి కాలు తీసినా బండి పోతూనే ఉంటుంది, ఒక్క బ్రేకు తొక్కితే క్రూజ్ ఊడిపోతుందన్న నమ్మకం లేదు. క్లచ్ జోలికి పోకుండా ముందుకీ వెనక్కీ ఆడించడానికే హైడ్రో. రెండుసార్లు ఆడించి తిప్పండి.

గోదారిగట్టు: ఓనర్లందరిదీ ఇదే పాట. లాక్‌కి బోల్టు బిగించి బండి చేతికిస్తారు. మూల తిరగక ఆలస్యమైతే డ్రైవర్‌నే తిడతారు. బ్రేకు అరిగితే జీతంలో పట్టుకుంటారు. బండితో వచ్చిన బ్రేకుని నడిపేవాడు వాడకూడదా?

ఆయిల్‌ఫిల్టర్: ఆ బోల్టు నేనూ వేయించాను. ప్లేట్ల ఖర్చుకి భయపడి కాదు. పొలంలో లాక్ తీసినవాడు రోడ్డెక్కేటప్పుడు మళ్లీ వెయ్యడు. వెనక లోడు ట్రాలీ, టాప్ గేరు, కాలు ఒక్క పెడల్ మీదే పడిందంటే బండి అటు తిరిగి పల్టీ కొడుతుంది. ట్రాలీ మీద కూలీలు ఉంటారు.

గోదారిగట్టు: ఈ మాట మొదటే అనుంటే ఇంత గొడవ లేదు. లాక్ వెయ్యకుండా రోడ్డెక్కేవాణ్ణి నేనూ బండెక్కనివ్వను. కానీ బోల్టు వేసిన బండి మీద నేర్చుకున్నవాడికి లాక్ చూసుకునే అలవాటే ఉండదు. బోల్టు లేని బండి ఎక్కిన రోజు వాడి చెయ్యి అటు పోదు.

ఆయిల్‌ఫిల్టర్: అలవాటుని నమ్మి ట్రాలీ మీద మనుషుల్ని ఎక్కించను. బోల్టు తియ్యను.

రేగడి: మీ ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. ఎప్పుడూ ఒకవైపుకే తిప్పితే ఆ బ్రేకు ముందు అరుగుతుంది, లాక్ వేసినా బండి పక్కకి లాగుతుంది. లాక్ తీసి ఒక్కో పెడల్ చేత్తో నొక్కి, పట్టు తగిలేదాకా ఎంత ఆట ఉందో స్కేలుతో చూడండి. తేడా ఉంటే రాడ్ మీది లాక్‌నట్ వదులు చేసి, రెండింటినీ మాన్యువల్లో ఉన్న కొలతకి సమానం చెయ్యండి. తర్వాత లాక్ వేసి, ఖాళీ చోట నెమ్మదిగా నడుపుతూ తొక్కండి. అప్పటికీ ఒక పక్కకి లాగితే ఆ బండికి ట్రాలీ తగిలించకండి.