స్టూడెంట్ వీసా మీద డీజే, మోడలింగ్, యాక్టింగ్

అన్నలకూ అక్కలకూ నమస్తే. ఎమ్మెస్సీకి లండన్ వచ్చాను. హైదరాబాద్‌లో సంగీత్‌లకు డీజే చేసేవాణ్ణి. బట్టల షాపుల యాడ్స్, షార్ట్ ఫిల్మ్స్ కూడా చేశాను. ఇక్కడ సెకండ్ హ్యాండ్ డీజే కంట్రోలర్ ఎక్కడ దొరుకుతుంది?

హౌన్స్‌లో నుంచి:
కంట్రోలర్ తర్వాత కొందువు గానీ, ముందు వీసా షరతులు చదువు తమ్ముడూ. వారానికి 20 గంటలు అన్నారని ఏ పనైనా చేసేయొచ్చనుకోకు. స్టూడెంట్ వీసా మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ కుదరదు, ఎంటర్‌టైనర్‌గా పనీ కుదరదు. డీజేకి రెండూ తగులుతాయి. ఫ్రీలాన్స్ మోడలింగ్ కూడా అంతే. చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసాకి మారితే దర్జాగా చేసుకో. అప్పుడు ఇలా సొంతంగా వచ్చే రాబడి ఏడాదికి 1000 పౌండ్లు దాటితే ట్యాక్స్ వాళ్లకి చెప్పాలి.

స్లౌ నుంచి:
వీసా సరే, హాలు సంగతి ఎవరూ చెప్పరేం? బుక్ చేసేముందే సౌండ్ లిమిటర్, అంటే చప్పుడు హద్దు దాటితే కరెంటు ఆపేసే పరికరం, ఉందా అని అడగాలి. మా మేనకోడలి హాఫ్ శారీ ఫంక్షన్‌లో భోజనాలయ్యాయి, తీన్మార్ అందుకుంది. గోడ మీద ఎర్ర లైటు వెలిగింది, ఎవరు చూస్తారు? టప్పున స్టేజీకి కరెంటు పోయింది. ఆన్ చేయించాం, పాట సగంలో మళ్లీ పోయింది. పెద్దాళ్లంతా డీజే కుర్రాణ్ణి తిట్టడం! పాపం, వాడి తప్పేముంది? ఆఖరికి పిల్లలు చప్పట్లతోనే కానిచ్చారు. పైగా డిపాజిట్‌లో కోత. అగ్రిమెంట్‌లో లిమిటర్ మాటే లేదని మెయిల్ పెడితే, గోడకు నోటీసు ఉందన్నారు. అది డెకరేషన్ పరదా వెనకాల ఉంది మరి.

ఈస్ట్ హామ్ నుంచి:
తమ్మీ, మోడలింగ్ ఏజెన్సీ ముందుగాల పైసలు అడిగితే లేచి వచ్చెయ్. మోడల్స్ దగ్గర ముందస్తు ఫీజు తీసుకునుడు ఈడ చట్టం ఒప్పుకోదు. అందుకే పోర్ట్‌ఫోలియో షూట్ అని పేరు మార్చి గుంజుతరు. యాక్టింగ్‌కైతే స్పాట్‌లైట్ అని ఒక డైరెక్టరీ ఉంది, దానికి చందా కట్టాలె. అది మోసం కాదు.

రెడింగ్ నుంచి:
అసలు సంగతి మర్చిపోయారు. పాటల లైసెన్సు డీజేనే కట్టాలి.

హౌన్స్‌లో నుంచి:
ఎవరు చెప్పారండీ? నలుగురిలో పాటలు వినిపించడానికి పీపీఎల్ పీఆర్‌ఎస్ అనే సంస్థ ఇచ్చే లైసెన్సు చూసుకోవాల్సింది వేదిక వాళ్లు.

రెడింగ్ నుంచి:
పాటలు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని వాయించే డీజేలకి ప్రోడబ్ అని వేరే లైసెన్సు ఉంది. తెలుసుకుని మాట్లాడండి.

హౌన్స్‌లో నుంచి:
మీరు డీజే చేసినప్పుడు కట్టారా?

రెడింగ్ నుంచి:
కట్టాను. రసీదు పంపమంటారా?