ఒకే ఎరుపు, రెండు మానిటర్లు, రెండు విలువలు: ఏది నమ్మాలి?

కొత్తచిగురు:
ఫైల్‌లో నేను పెట్టిన ఎరుపు 255, 0, 0 (వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు). ఎస్‌ఆర్‌జీబీ ఫైలే, అంటే మామూలు స్క్రీన్ల రంగుల ప్రమాణంలో ఉన్నదే. మ్యాక్‌బుక్‌లో రంగు అంకెలు చదివే డిజిటల్ కలర్ మీటర్ (పికర్) పెట్టి చూస్తే 234, 51, 35 దగ్గర చూపిస్తోంది. అదే ఫైల్‌ని విండోస్ మానిటర్ మీద పికర్‌తో చూస్తే సరిగ్గా 255, 0, 0. కానీ కంటికి మాత్రం విండోస్‌లోనే ఎరుపు మరీ గాఢంగా కొడుతోంది. ఏ అంకె నిజం?

వెలుతురు:
రెండూ నిజమే, కానీ రెండూ కొలతలు కావు. పికర్ స్క్రీన్ నుంచి వచ్చే వెలుగుని చూడదు, కంప్యూటర్ స్క్రీన్‌కి పంపే అంకెను చదువుతుంది, అంతే. మీ మ్యాక్‌బుక్ స్క్రీన్ డిస్‌ప్లే పీ3 రకం, ఎస్‌ఆర్‌జీబీ కన్నా ఎక్కువ రంగులు చూపేది. ఎస్‌ఆర్‌జీబీలో ఉన్న ఎరుపు కన్నా దాని ఎరుపు గాఢం. అందుకని మ్యాక్ మీ 255ని తగ్గించి 234గా పంపుతోంది. కలర్ మీటర్ మెనూలో నేటివ్ (స్క్రీన్ సొంత అంకెలు) బదులు ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకోండి, 255, 0, 0 కనిపిస్తుంది. మీ విండోస్ మానిటర్ కూడా అలా విశాలమైన రంగుల శ్రేణి ఉన్నదే అయి ఉండాలి. ప్రొఫైల్ (ఆ స్క్రీన్ రంగులు ఎలాంటివో చెప్పే ఫైల్) పెట్టకపోతే 255 అలాగే వెళ్తుంది, ఆ మానిటర్ తన దగ్గరున్న అతి గాఢమైన ఎరుపుని వెలిగిస్తుంది. నిజంగా కొలవాలంటే స్క్రీన్ మీద కలరీమీటర్ (వచ్చే వెలుగు రంగుని కొలిచే పరికరం) పెట్టాల్సిందే.

గళ్ళచొక్కా:
ప్రతిసారీ ఇదే జవాబు, పరికరం కొనండి. కొన్నానండీ. మానిటర్ కాలిబ్రేట్ చేశాను (కొలిచి సరిదిద్దాను), సగటు డెల్టా ఈ, అంటే రావాల్సిన రంగుకీ వచ్చిన రంగుకీ తేడా, ఒకటి లోపే వచ్చింది. ఆ స్క్రీన్ మీద చేసిన లోగో పంపితే క్లయింట్ ఫోన్‌లో చూసి, నీలం ఊదాగా ఉంది, ఇది మా రంగు కాదు అన్నాడు. నాలుగోసారి మార్చమన్నాడు, చివరికి సగం డబ్బే ఇచ్చాడు. ఏం కొలిచి ఏం లాభం? ఒక స్క్రీన్‌షాట్ తీసి పంపితే చాలు, విలువ అందులో ఉంటుంది.

మసకవేళ:
నైట్ లైట్ ఆపి చూశారా?

వెలుతురు:
మసకవేళ గారు మంచి గుర్తు చేశారు. విండోస్‌లో నైట్ లైట్ వేయండి, స్క్రీనంతా పసుపెక్కుతుంది. అప్పుడు స్క్రీన్‌లోని తెల్ల పేజీ మీద పికర్ పెట్టండి, 255, 255, 255 అనే అంటుంది. స్క్రీన్‌షాట్ తీసినా తెల్లగానే వస్తుంది. కళ్ళెదుట మారిన రంగే దొరకనప్పుడు స్క్రీన్‌షాట్‌ని కొలత అని ఎలా అంటాం?

గళ్ళచొక్కా:
మ్యాక్ స్క్రీన్‌షాట్‌లో డిస్‌ప్లే ప్రొఫైల్ కూడా ఉంటుంది. దానికి జవాబు చెప్పలేదు మీరు.

వెలుతురు:
ఉంటుంది. ఆ ప్రొఫైల్ ఈ స్క్రీన్ ఇలా ఉండాలి అని చెబుతుంది, ఈ రోజు ఇలా ఉంది అని కాదు. ప్యానెల్ వాడేకొద్దీ మసకబారుతుంది, ప్రొఫైల్‌కి ఆ సంగతి తెలియదు.

గళ్ళచొక్కా:
అంటే స్క్రీన్‌షాట్‌లో ప్రొఫైల్ ఉంటుందని ఒప్పుకున్నట్టేగా.

అచ్చుయంత్రం:
కలరీమీటర్ చెప్పిందే వేదం అనుకోవద్దు. దానిలో ఉండేవి రంగు ఫిల్టర్లు. 1931లో సీఐఈ (వెలుగు, రంగుల ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) నిర్ణయించిన ప్రామాణిక కంటికి, అంటే సగటు మనిషి చూపు లెక్కకి, అవి అచ్చంగా సరిపోవు. అందుకే ప్యానెల్ రకాన్ని బట్టి సాఫ్ట్‌వేర్‌లో సవరణ ఎంచుకోవాలి. మామూలు ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్ సవరణతో ఓఎల్‌ఈడీని కొలిస్తే తెలుపే తప్పుగా వస్తుంది. వెలుగుని తరంగదైర్ఘ్యాల వారీగా విడగొట్టి కొలిచే స్పెక్ట్రోఫొటోమీటర్‌కి ఆ బాధ లేదు, కానీ ముదురు రంగుల దగ్గర నిలకడగా ఉండదు. ఇంకొకటి, ఎల్‌సీడీ, ఓఎల్‌ఈడీ రెండిటినీ ఒకే డీ65 తెలుపుకి (పగటి వెలుగు లాంటి ప్రామాణిక తెలుపు) కొలిచి సరిపెట్టినా పక్కపక్కన పెడితే కంటికి తేడా కనబడుతుంది. వెలుగు స్పెక్ట్రమ్‌లు వేరు, మనుషుల కళ్ళూ వేరు. అన్నట్టు, మానిటర్ వేశాక అరగంట ఆగాకే కొలవండి.

గళ్ళచొక్కా:
విన్నారా వెలుతురు గారూ? కొలత సరిపోయినా కంటికి సరిపోదట. నేను మొదటి నుంచీ మొత్తుకునేది ఇదే.

వెలుతురు:
ఆయన చెప్పింది జాగ్రత్తగా కొలవమని. కొలవడం మానేయమని కాదు. మీ డబ్బు ఆగిందన్న కోపం కొలత మీద చూపిస్తే ఎలా?

గళ్ళచొక్కా:
నా డబ్బు గురించి మీకెందుకు? మీ జీతం నెల తిరిగేసరికి వస్తుంది కాబట్టి సూత్రాలు చెబుతున్నారు. నా ఫైల్ తప్పు కాదు, నా మానిటర్ తప్పు కాదు, వాళ్ళ ఫోన్ రంగుల్ని గాఢం చేసి చూపే వివిడ్ మోడ్‌లో ఉంది. అయినా తిరగరాసే పని నాదే, మాట పడేదీ నేనే. కొలతతో నా మాట గెలుస్తుందని మీలాంటి వాళ్ళు చెబితేనే పరికరం కొన్నాను. నేను అడుగుతున్నది ఒక్కటే, చివరికి ఎవరి స్క్రీన్ లెక్క?

వెలుతురు:
ఈ ప్రశ్న మొదటే అడగాల్సింది, అరవై మాటలు మిగిలేవి. నాది నెల జీతం కాదు. బట్టల ఫొటోలు సరిచేసే పని. చీర రంగు ఫొటోలో ఒకలా, చేతిలో ఒకలా ఉందని తిప్పి పంపితే అడిగేది నన్నే. ఊళ్ళో ఉన్న ఫోన్లన్నిటినీ నేను సరిచేయలేను. ఒక స్క్రీన్ సరిగ్గా ఉందని రుజువు చూపించగలిగితే, తప్పు ఎక్కడ మొదలైందో తేలుతుంది. నాకు కొలత అందుకే కావాలి. ఏ స్క్రీన్ మీద చూసి ఒప్పుకుంటారో పని మొదలుపెట్టే ముందే రాయించుకుంటాను.

అచ్చుయంత్రం:
అచ్చుపనిలో ప్రూఫ్ (ముందుగా తీసే నమూనా ప్రతి) మీద సంతకం తీసుకోవడం ఎప్పటి నుంచో ఉంది. స్క్రీన్ పనికే ఆ అలవాటు రాలేదు.

కొత్తచిగురు:
మెనూ ఎస్‌ఆర్‌జీబీకి మార్చాను, మ్యాక్‌లో 255, 0, 0 వచ్చింది. విండోస్ మానిటర్ బటన్లలో కూడా ఎస్‌ఆర్‌జీబీ మోడ్ దొరికింది, అది పెట్టగానే ఎరుపు తగ్గింది. కాకపోతే ఆ మోడ్‌లో బ్రైట్‌నెస్ మారడం లేదు. పాడైందా?

వెలుతురు:
పాడవలేదు, చాలా మానిటర్లు ఆ మోడ్‌లో వెలుతురుని కట్టేస్తాయి. ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణంలో తెలుపు వెలుగు చదరపు మీటరుకి 80 క్యాండెలాలే, అదీ మసక గదికి. మీ గదిలో చీకటిగా అనిపిస్తే ఆ మోడ్ వదిలేసి, కలరీమీటర్‌తో 120 దగ్గర పెట్టి ప్రొఫైల్ చేయించుకోండి.

గళ్ళచొక్కా:
ఫలానా స్క్రీన్ మీదే చూసి ఒప్పుకుంటాను అని రాసిచ్చే క్లయింట్ నాకింతవరకు తగల్లేదు. పెద్ద పనులు చేసేవాళ్ళకి రాసిస్తారేమో. చిన్న పనికి వచ్చేవాడు ఫోన్ తీసి చూపిస్తాడు, అక్కడితో సరి. దీనికి మీ దగ్గర దారి ఉంటే చెప్పండి, వింటాను.